మొండి హెడ్‌ఫోన్‌కి సరిపడే యాంప్: ఎంచుకునే లెక్క

"600 ఓమ్‌ల హెడ్‌ఫోన్ తీసుకున్నాను, ఎన్ని వాట్ల యాంప్ కావాలి?" అని ఎవరైనా అడిగితే, ఆ వాట్ల సంగతి కాసేపు పక్కన పెట్టమంటాను. యాంప్ అంటే హెడ్‌ఫోన్‌కి వెళ్లే సిగ్నల్‌ని బలపరిచే పెట్టె. ఇంపెడెన్స్ (కరెంటుకి హెడ్‌ఫోన్ చెప్పే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు) ఎక్కువున్న హెడ్‌ఫోన్ అడిగేది వోల్టేజి. కరెంటు దానికి చిటికెడు చాలు. మీకు ఎన్ని వోల్టులు కావాలో లెక్కేసుకుని, అన్ని వోల్టులు శుభ్రంగా ఇచ్చే యాంప్ తెచ్చుకుంటే సగానికి పైగా పని అయిపోయినట్టే. ట్యూబా (గాజు వాల్వులతో నడిచేది) సాలిడ్ స్టేటా (ట్రాన్సిస్టర్లు, చిప్పులతో నడిచేది), బ్యాలెన్స్‌డ్ (ఒక్కో చెవికీ విడిగా రెండేసి తీగల్లో సిగ్నల్ పంపే పద్ధతి) కావాలా వద్దా లాంటివన్నీ ఆ తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు.

నేను మాటల రికార్డింగులు ఎడిట్ చేసే పనిలో ఉన్నాను. రోజంతా చెవుల మీద ఏదో ఒకటి ఉంటుంది. పని చేసేటప్పుడు బేయర్‌డైనమిక్ డిటి 880, అందులో 600 ఓమ్‌ల రకం. పని అయ్యాక పాటలకి సెన్‌హైజర్ హెచ్‌డి 650, అది 300 ఓమ్‌లు. అందుకని ఇక్కడ ఉదాహరణలు ఎక్కువగా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి. మీ దగ్గరున్నది వేరేదైనా లెక్క మాత్రం ఇదే.

అసలు ఇంత ఇంపెడెన్స్ ఎందుకు పెడతారంటే, వాయిస్ కాయిల్‌ని, అంటే హెడ్‌ఫోన్‌లో మోగే పొరని కదిలించే తీగచుట్టని, వెంట్రుకలాంటి సన్నటి తీగతో చుడతారు కాబట్టి. తీగ సన్నబడితే చుట్లు ఎక్కువ పడతాయి, చుట్ల మధ్య ఖాళీలు తగ్గుతాయి, కాయిల్ బరువూ తగ్గుతుంది. స్టూడియోల్లో దీనికి ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఒకే అవుట్‌పుట్‌కి నాలుగు 600 ఓమ్‌ల హెడ్‌ఫోన్లు పక్కపక్కన తగిలించినా యాంప్‌కి కనిపించేది 150 ఓమ్‌లే, అది ఏమీ ఇబ్బంది పడదు. అంతేగానీ, ఓమ్‌లు ఎక్కువైతే సౌండు దానంతటదే గొప్పగా ఉంటుందని ఎవరైనా చెబితే చెవిన పెట్టకండి.

ముందు, యాంప్ అసలు కావాలా?

ఇది కొనకముందే తేల్చుకోవాలి. మీ దగ్గరున్న వాటిలో బాగా మెల్లగా రికార్డయిన పాట ఒకటి వెతకండి. వీణ ఒక్కటే వినిపించే కచేరీ రికార్డింగో, పాత ఆర్కెస్ట్రా రికార్డింగో అయితే బాగుంటుంది. దాన్ని ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో వాల్యూమ్ పూర్తిగా పెంచి వినండి. "ఇంకొంచెం ఉంటే బాగుండు" అనిపించకపోతే మీకు యాంప్ అక్కర్లేదు. ఆ డబ్బుతో ఇయర్‌ప్యాడ్‌లు మార్చుకోండి, తేడా నిజంగా తెలుస్తుంది.

ఇది ఊరికే అనడం లేదు. మామూలు యుఎస్‌బి-సి డాంగిల్ (ఫోన్‌కి పెట్టి హెడ్‌ఫోన్ తగిలించుకునే చిన్న అడాప్టర్) చాలావరకు 1 వోల్ట్ దాకా ఇస్తుంది. 1 వోల్ట్‌కి హెచ్‌డి 650 దగ్గర దగ్గర 103 డెసిబెళ్లు మోగుతుంది. ఈ కాలపు సినిమా పాటల్లో సగటు శబ్దానికీ శిఖరానికీ మధ్య తేడా పెద్దగా ఉండదు కాబట్టి వాటికి ఇది ధారాళంగా సరిపోతుంది. మెల్లగా మొదలై ఒక్కసారి విరుచుకుపడే సంగీతంలో ఆ తేడా 20 డెసిబెళ్లకి పైగా ఉంటుంది. ఇబ్బంది అక్కడ మొదలవుతుంది. ఇక ఆపిల్ 2021 నుంచి తన మాక్‌బుక్ ప్రోల్లో పెట్టిన హెడ్‌ఫోన్ జాక్ అయితే, తగిలించినదాని ఇంపెడెన్స్ 150 ఓమ్‌లు దాటితే 3 వోల్టుల దాకా ఇస్తుంది. అది మీ టేబుల్ మీద ఉంటే హెచ్‌డి 650కి యాంప్ కొనాలన్న ఆలోచన వాయిదా వేసుకోవచ్చు.

ఒక చిన్న చిక్కు. ఆపిల్ డాంగిల్‌ని ఆండ్రాయిడ్ ఫోన్‌కి పెడితే, కొన్ని ఫోన్లలో వాల్యూమ్ పూర్తిగా పెంచినా డాంగిల్ పూర్తి వోల్టేజి ఇవ్వదు. "డాంగిల్‌తో ఉలుకూ పలుకూ లేదు, ఈ హెడ్‌ఫోన్ చాలా మొండిది" అని నిర్ణయించే ముందు అదే డాంగిల్‌ని ఒకసారి లాప్‌టాప్‌కి పెట్టి చూడండి.

లెక్క

రెండు అంకెలు కావాలి. ఒకటి ఇంపెడెన్స్, రెండోది సెన్సిటివిటీ, అంటే ఇచ్చినదానికి హెడ్‌ఫోన్ ఎంత గట్టిగా మోగుతుందన్నది. చాలామంది మొదటిదే చూసి ఆగిపోతారు, రెండోదే అసలు విషయం.

సెన్సిటివిటీని కంపెనీలు రెండు రకాలుగా రాస్తాయి. కొందరు ఒక మిల్లీవాట్‌కి ఎన్ని డెసిబెళ్లో చెబుతారు, కొందరు ఒక వోల్ట్‌కి ఎన్నో చెబుతారు. ఈ రెంటినీ కలిపి చూస్తే తప్పుదారి పడతారు. ఉదాహరణకి డిటి 880 మూడు రకాల్లో వస్తుంది, 32, 250, 600 ఓమ్‌లు. మూడింటికీ మిల్లీవాట్‌కి 96 డెసిబెళ్లే. అంటే మూడూ సమానమేనా? ఒక వోల్ట్ ఇచ్చి చూడండి. 32 ఓమ్‌లది 111 దగ్గర మోగుతుంది, 250 ఓమ్‌లది 102, 600 ఓమ్‌లది 98. ఫోన్‌కి తగిలించగానే ఒకటి చెవులు చిల్లులు పడేలా, ఇంకొకటి పక్కగదిలో మోగుతున్నట్టు ఉండటానికి కారణం ఈ 13 డెసిబెళ్ల తేడానే.

అందుకని మొదట మీ అంకెని "వోల్ట్‌కి ఎంత" అనే కొలతలోకి మార్చుకోండి. మిల్లీవాట్ కొలత ఇచ్చి ఉంటే దానికి ఇంత కలపాలి: 32 ఓమ్‌లకి 15, 50 ఓమ్‌లకి 13, 80 ఓమ్‌లకి 11, 150కి 8, 250కి 6, 300కి 5, 600కి 2. ఏ కొలతో చెప్పకుండా ఊరికే డెసిబెళ్లు అని రాసి వదిలేసిన చోట, అది వోల్ట్ కొలతే అనుకుని లెక్కేయండి. లెక్క తప్పినా యాంప్ శక్తి కాస్త మిగులుతుందే తప్ప తక్కువ పడదు.

ఇక మిగిలింది నోటి లెక్కే. వోల్టేజి రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెళ్లు కలుస్తాయి. నా డిటి 880: 1 వోల్ట్‌కి 98, 2 వోల్టులకి 104, 4 వోల్టులకి 110, 8 వోల్టులకి 116. హెచ్‌డి 650: 103, 109, 4 వోల్టులకే 115.

ఎక్కడ ఆగాలి? శిఖరాలకి 110 డెసిబెళ్లు అందితే ఇంట్లో వినేవాళ్లలో చాలామందికి చాలు. అంతకంటే గట్టిగా వినే అలవాటు ఉంటే, లేదా చాలా మెల్లగా రికార్డయిన సంగీతం వింటే 115 పెట్టుకోండి. 120 కావాలని పట్టుబట్టేవాళ్లని చూశాను, వాళ్లు ఎప్పుడూ ఆ స్థాయిలో వినరు. వింటే ఎక్కువ కాలం వినలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వారానికి 40 గంటలకి సగటున 80 డెసిబెళ్లు. శిఖరం 110 ఉన్నా సగటు ఈ దరిదాపుల్లో ఉండేలా చూసుకోవడం మీ చేతిలోని నాబ్ పని.

ఈ లెక్కలో చాలామంది మర్చిపోయేది ఈక్వలైజర్, అంటే బేస్, ట్రెబుల్ లాంటివాటిని విడివిడిగా పెంచి తగ్గించే సెట్టింగ్. హెచ్‌డి 650లో అడుగు బేస్ తగ్గిపోతుంది కాబట్టి దాన్ని 6 డెసిబెళ్లు పెంచుకోవడం మామూలే. పెంచిన చోట శబ్దం చిట్లకుండా ఉండాలంటే మొత్తం లెవెల్‌ని ముందు 6 డెసిబెళ్లు తగ్గించాలి. అంటే అదే బిగ్గరతనానికి యాంప్ రెండింతల వోల్టులు ఇవ్వాలి. పాటల యాప్‌లలో అన్ని పాటలనీ ఒకే స్థాయికి తెచ్చే సెట్టింగ్ ఉంటుంది చూడండి, అది కూడా ఇలాగే బిగ్గరగా ఉన్న పాటలని కిందికి దించుతుంది. ఈ రెండూ వాడేవాళ్లు వచ్చిన వోల్టులని రెట్టింపు చేసుకోండి. నా డిటి 880కి 4 వోల్టులు అని తేలినా నేను 7, 8 ఇచ్చే యాంప్ పెట్టుకున్నది ఇందుకే.

లెక్క నమ్మకపోతే కొలుచుకోండి

నాకు ఇదే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే కంపెనీ రాసినదాని మీద ఆధారపడక్కర్లేదు. కావాల్సినవి: ఒక మల్టీమీటరు, హెడ్‌ఫోన్ జాక్‌ని రెండుగా చీల్చే స్ప్లిట్టర్, 400 హెర్ట్జ్ టోన్ ఫైలు ఒకటి. మీటరు ఏసీలో మిల్లీవోల్టులు చూపించేదై ఉండాలి. ఏసీలో 200 వోల్టుల రేంజి నుంచి మొదలయ్యే చవక మీటరు దీనికి పనికిరాదు, సున్నానే చూపిస్తుంది. 400 హెర్ట్జే ఎందుకంటే మామూలు మీటర్లు అంతకి మించితే సరిగ్గా చదవవు.

మీకు ఇష్టమైన, మెల్లగా రికార్డయిన పాట పెట్టి, వాల్యూమ్ మీరు ఎప్పుడైనా పెంచేంత పెంచండి. ఆ నాబ్‌ని ఇక కదపకండి. హెడ్‌ఫోన్ తలమీంచి తీసి బల్ల మీద పెట్టండి. ఇప్పుడు డిజిటల్ ఫైలు పట్టగల పూర్తి స్థాయికి 20 డెసిబెళ్లు తక్కువగా తయారుచేసిన టోన్ వదిలి, స్ప్లిట్టర్ రెండో చివర మీటరు ముళ్లు ఆనించండి. ఒక ముల్లు జాక్ అడుగున గ్రౌండ్‌కి, ఇంకోటి ఎడమ లేదా కుడికి. రెండు ముళ్లూ ఒకదానికొకటి తగలకూడదు, తగిలితే యాంప్ అవుట్‌పుట్ షార్ట్ అవుతుంది. నాకు ఇక్కడ చెయ్యి వణుకుతుంది, అందుకే ఒక పనికిరాని కేబుల్ కోసి దాని తీగలకి క్లిప్పులు పెట్టుకున్నాను. 20 డెసిబెళ్లంటే వోల్టేజిలో పది రెట్లు కాబట్టి, వచ్చిన అంకెని పదితో గుణించండి. ఆ పాటని ఆ నాబ్ దగ్గర వినేటప్పుడు మీ హెడ్‌ఫోన్‌కి అందగల గరిష్ఠ వోల్టేజి అదే.

హెచ్‌డి 650తో మామూలుగా వినేటప్పుడు నాకు మీటరు మీద 80 మిల్లీవోల్టులు కనిపిస్తాయి, అంటే 0.8 వోల్ట్. బాగా మెల్లగా ఉన్న రికార్డింగ్‌కి నాబ్ తిప్పుకుంటూ పోతే 210, అంటే 2.1 వోల్టులు. అంతకు మించి నేను ఎప్పుడూ వాడను. ఇలా ఒక్కసారి కొలుచుకున్నవాళ్లు ఆరు వాట్ల యాంప్‌ల వంక మళ్లీ చూడరు.

స్పెక్ షీట్ చదవడం

యాంప్ డబ్బాల మీద పెద్ద అక్షరాలతో ఉండేది 32 ఓమ్‌ల దగ్గరి పవర్. మీకు అక్కర్లేని అంకె అది. 300 ఓమ్‌లు, 600 ఓమ్‌ల దగ్గర ఎంతో విడిగా రాసి ఉంటే దాన్ని పట్టుకోండి. మిల్లీవాట్లని వెయ్యితో భాగించి వాట్లు చేసి, ఓమ్‌లతో గుణించి, వర్గమూలం తీస్తే వోల్టులు వస్తాయి.

దీనికి మంచి ఉదాహరణ ఓ2 అనే యాంప్. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో రాసే ఒకాయన దాని డిజైన్‌ని ఎవరైనా కట్టుకునేలా బయట పెట్టాడు. దానికి ప్రచురించిన అంకెలు 33 ఓమ్‌ల దగ్గర 613 మిల్లీవాట్లు, 600 ఓమ్‌ల దగ్గర 88 మిల్లీవాట్లు. చూడగానే 600 దగ్గర నీరసపడిపోయిందేమో అనిపిస్తుంది. వోల్టుల్లోకి మార్చండి. మొదటిది 4.5, రెండోది 7.3. అంటే 600 ఓమ్‌ల దగ్గరే అది ఎక్కువ వోల్టులు ఇస్తోంది. 33 ఓమ్‌ల దగ్గర కరెంటు చాలక ఆగిపోయింది, అంతే. డిటి 880కి 7.3 వోల్టులంటే 115 డెసిబెళ్లు. ఆ 88 మిల్లీవాట్లు చూసి వద్దనుకున్నవాళ్లు చక్కగా సరిపోయే యాంప్‌ని వదులుకున్నట్టు.

32 ఓమ్‌ల అంకె ఒక్కటే ఉంటే? దాంట్లోంచి వోల్టులు తీసి, మీ హెడ్‌ఫోన్‌కి కనీసం అన్ని వస్తాయని అనుకోవచ్చు. 32 ఓమ్‌లకి 100 మిల్లీవాట్లు ఇచ్చే జేబు యాంప్ అంటే 1.8 వోల్టులు. 600 ఓమ్‌లకి ఇది చాలుతుందన్న భరోసా లేదని వెంటనే తెలిసిపోతుంది. 32 ఓమ్‌లకి 1 వాట్ అంటే 5.7 వోల్టులు, ఇది హాయిగా సరిపోతుంది.

చిన్న అక్షరాలూ చూడండి. పవర్ అంకె 1 శాతం డిస్టార్షన్ (శబ్దం చెడటం) దగ్గర చెప్పారా, అంతకంటే చాలా తక్కువ దగ్గరా? బ్యాటరీ మీదా, కరెంటు మీదా? పీక్ (ఒక్క క్షణపు గరిష్ఠం) అని రాసి ఉందా? పీక్ వోల్టులైతే 1.4తో భాగించి వాడుకోవాలి.

అవుట్‌పుట్ ఇంపెడెన్స్

యాంప్‌కి కూడా సొంత ఇంపెడెన్స్ ఉంటుంది. అది హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకి మించకూడదని వాడుకలో ఉన్న సూత్రం. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్లవాళ్లకి ఇది పెద్ద తలనొప్పి, మనకి మాత్రం ఇక్కడ అదృష్టం కలిసొచ్చింది. 300కి ఎనిమిదో వంతు అంటే దాదాపు 38 ఓమ్‌లు. ఈ రోజుల్లో సాలిడ్ స్టేట్ యాంప్‌లు చాలావరకు 1, 2 ఓమ్‌ల లోపే ఉంటాయి.

హద్దు దాటితే ఏమవుతుందో చెబుతాను. హెచ్‌డి 650 పేరుకి 300 ఓమ్‌లే గానీ, 100 హెర్ట్జ్ చుట్టుపక్కల 500 దాకా లేస్తుంది. పాత రిసీవర్లలో, కొన్ని పాత పరికరాల్లో హెడ్‌ఫోన్ జాక్ వెనకాల 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండేది. అదే ఒకప్పుడు ప్రమాణం కూడా. అలాంటి జాక్‌కి పెడితే 300 ఓమ్‌లున్న చోట 2.9 డెసిబెళ్లు తగ్గుతుంది, 500 ఉన్న చోట 1.9 మాత్రమే తగ్గుతుంది. అంటే పై బేస్ ఒక డెసిబెల్ పైకి వస్తుంది. చెవికి అది "వెచ్చగా, నిండుగా" అనిపిస్తుంది. కొందరికి అదే ఇష్టం, తప్పేమీ లేదు. అదే 10 ఓమ్‌లైతే తేడా 0.1 డెసిబెల్, ఎవరికీ వినపడదు. 2 ఓమ్‌లకీ 0.2 ఓమ్‌లకీ మధ్య తేడా గురించి టెన్షన్ పడటం దండగ.

గెయిన్, నాబ్

ఇది రోజూ చేతికి తగిలే సంగతి కాబట్టి కాస్త ఆగుదాం. టేబుల్ మీద పెట్టే డాక్‌లు (డిజిటల్ పాటని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే పెట్టెలు) సాధారణంగా 2 వోల్టులు ఇస్తాయి. మీకు కావాల్సింది 4 వోల్టులైతే గెయిన్ (వచ్చిన సిగ్నల్‌ని యాంప్ ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) రెండింతలు చాలు. అదే 1 వోల్ట్ ఇచ్చే ఫోన్ నుంచైతే నాలుగింతలు కావాలి. ఇంపెడెన్స్ ఎక్కువ కదా అని హై గెయిన్‌లో పెట్టేయడం చాలామంది చేసే పని. అప్పుడు నాబ్ గడియారం ముల్లులా ఎనిమిది గంటల దగ్గరే ఆగిపోతుంది. అక్కడ మామూలు నాబ్‌లలో ఎడమ కుడి ట్రాకులు సరిగ్గా కలవవు, గొంతు ఒక పక్కకి జరుగుతుంది. మాటలు ఎడిట్ చేసేవాడికి ఇది భరించలేని విషయం. మధ్యలో ఉండాల్సిన మనిషి గొంతు ఎడమ చెవి వైపు కూర్చుంటే, తప్పు రికార్డింగ్‌దా నాబ్‌దా తెలియక తల ప్రాణం తోకకొస్తుంది. గెయిన్ తగ్గించి నాబ్‌ని పదకొండు, ఒంటిగంట మధ్యకి తెచ్చుకుంటే ఈ గొడవ పోతుంది.

గెయిన్ తగ్గించే స్విచ్ లేకపోతే కంప్యూటర్‌లో వాల్యూమ్ 10, 12 డెసిబెళ్లు తగ్గించండి. 24 బిట్ డాక్‌తో దీనివల్ల వినపడే నష్టం ఏమీ ఉండదు.

ఇంకో మాట. ఓ2లో గెయిన్ పెంచే దశ వాల్యూమ్ నాబ్‌కి ముందే ఉంటుంది. దాన్ని 6.5 రెట్ల గెయిన్‌లో పెట్టి 2 వోల్టుల డాక్ తగిలిస్తే, లోపల 13 వోల్టులు కావాలి. అన్ని లేవు కాబట్టి శబ్దం చిట్లుతుంది. నాబ్ ఎంత తగ్గించినా ఆ చిట్లడం పోదు. "వాల్యూమ్ తక్కువలో కూడా గరగరమంటోంది" అని ఎవరైనా చెబితే నేను మొదట గెయిన్ స్విచ్ సంగతే అడుగుతాను.

నాబ్ సగం దగ్గర ఉంటే యాంప్‌లో ఇంకా సగం శక్తి మిగిలి ఉందనుకోవడం కూడా సరికాదు. నాబ్ ఎక్కడుందన్నది గెయిన్‌నీ, వచ్చే సిగ్నల్‌నీ బట్టి ఉంటుంది. మంచి యాంప్‌లో కూడా మూడు వంతులు తిప్పగానే పూర్తి వోల్టేజి వచ్చేసి ఉండొచ్చు.

బుసబుసమనే నాయిస్ విషయంలో మన హెడ్‌ఫోన్లు చాలా ఓపికైనవి. ఇన్‌ఇయర్‌లలో పాములా బుసకొట్టే యాంప్ 600 ఓమ్‌లలో నిశ్శబ్దంగా ఉంటుంది. గుయ్‌మని హమ్ వస్తే మాత్రం యాంప్‌ని తిట్టే ముందు లాప్‌టాప్ ఛార్జర్ ఊడదీసి చూడండి. హమ్ ఆగిపోతే అది గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ తీగల మధ్య ఏర్పడే అనవసరపు దారి), యాంప్ మార్చినా పోదు.

ట్యూబులు

ఇంపెడెన్స్ ఎక్కువున్న హెడ్‌ఫోన్లతో దొరికే సరదా ఇది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్యూబ్ యాంప్‌లు, అంటే ఓటీఎల్ రకం, వోల్టులు ధారాళంగా ఇస్తాయి, కరెంటు మాత్రం పిసినారితనంగా ఇస్తాయి. మన హెడ్‌ఫోన్లు అడిగేదీ సరిగ్గా అదే. వాటిలో తరచూ కనిపించే 6ఏఎస్7, 6080 ట్యూబులు మొదట పవర్ సప్లైలలో వోల్టేజిని నిలకడగా ఉంచడానికి తయారుచేసినవి. ఆడియోకి ఆ తర్వాత పనికొచ్చాయి.

ఈ యాంప్‌ల అవుట్‌పుట్‌లో ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది. అది 100 మైక్రోఫారడ్లనుకోండి. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌తో బేస్ తగ్గడం 5 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, చెవికి అందని చోట. అదే 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ పెడితే 50 హెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది, డ్రమ్ముల అడుగు ఊడిపోతుంది. అందుకని ఓటీఎల్ కొనేవాళ్లు రేపు తక్కువ ఓమ్‌ల ప్లానార్ హెడ్‌ఫోన్ (పలచటి పొర మీద తీగ పరిచి ఉండే రకం) కొనే ఆలోచన ఉంటే ముందే మానుకోవాలి, లేదా రెండో యాంప్‌కి సిద్ధపడాలి.

నా మాట అడిగితే, మొదటి యాంప్‌గా ట్యూబ్ వద్దు. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ తరచూ వంద ఓమ్‌ల చుట్టూ ఉంటుంది కాబట్టి మీరు వినేది హెడ్‌ఫోన్ స్వభావమో యాంప్ స్వభావమో తెలియదు. ముందు శుభ్రమైన సాలిడ్ స్టేట్‌తో హెడ్‌ఫోన్ ఏంటో అర్థం చేసుకుని, తర్వాత రంగులు పూసుకోండి. ట్యూబ్ యాంప్ లోపల వంద వోల్టులకి పైగా ఉంటుంది, ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో కాసేపు నిలిచి ఉంటుంది. తెలియనివాళ్లు మూత తీయొద్దు. ఆన్ చేసి, వేడెక్కాక మాత్రమే హెడ్‌ఫోన్ పెట్టండి.

బ్యాలెన్స్‌డ్

ఒకే యాంప్‌లో బ్యాలెన్స్‌డ్ జాక్ సాధారణంగా రెట్టింపు వోల్టులు ఇస్తుంది, అంటే 6 డెసిబెళ్లు ఎక్కువ. జేబు యాంప్‌లలో ఇది నిజంగా పనికొస్తుంది. మామూలు జాక్‌లో 2 వోల్టులిచ్చే డాంగిల్ బ్యాలెన్స్‌డ్‌లో 4 ఇస్తే డిటి 880 లాంటివాటికి గట్టెక్కినట్టే. కాకపోతే డిటి 880కి కేబుల్ ఊడదు, తీగలు మార్చి టంకం పెట్టించుకుంటే తప్ప బ్యాలెన్స్‌డ్ కుదరదు. హెచ్‌డి 650కి కేబుల్ మార్చుకుంటే చాలు. మామూలు జాక్ నుంచే కావాల్సిన వోల్టులు వస్తుంటే బ్యాలెన్స్‌డ్ కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి.

ఇంపెడెన్స్ తక్కువ, ఆకలి ఎక్కువ

మొండితనం ఓమ్‌లలోనే ఉండదు. హైఫైమ్యాన్ హెచ్ఈ-6 అనే ప్లానార్ 50 ఓమ్‌లే, మిల్లీవాట్‌కి 83.5 డెసిబెళ్లే. వోల్ట్‌కి మారిస్తే 96.5, అంటే నా డిటి 880 కంటే కాస్త తక్కువ. 4 వోల్టులు ఇచ్చారనుకోండి, డిటి 880 తీసుకునే కరెంటు 7 మిల్లీఆంపియర్ల లోపు, హెచ్ఈ-6 తీసుకునేది 80. వోల్టులు ఒకటే, కరెంటు పన్నెండు రెట్లు. 600 ఓమ్‌లని హాయిగా మోగించే ఓటీఎల్ దీని ముందు చేతులెత్తేస్తుంది. వాట్లు చూడాల్సింది ఇలాంటివాటికి. ఒకే యాంప్‌తో రెండు రకాలూ నడపాలంటే 300 ఓమ్‌ల దగ్గర 6, 7 వోల్టులు, 50 ఓమ్‌ల దగ్గర ఒక వాట్ ఇచ్చే సాలిడ్ స్టేట్ చూడండి.

రెండు యాంప్‌లు పోల్చి వినేటప్పుడు

బిగ్గరగా ఉన్నదే బాగుందనిపిస్తుంది. అర డెసిబెల్ తేడా ఉన్నా చెవి దాన్ని బిగ్గరతనంగా గుర్తుపట్టదు, "డ్రైవర్ (హెడ్‌ఫోన్‌లో మోగే భాగం) మీద పట్టు ఎక్కువుంది" అంటుంది. కాబట్టి పైన చెప్పిన మీటరు పద్ధతితోనే రెండింటి వోల్టేజినీ సమానం చేయండి, ఒక శాతానికి మించి తేడా ఉండకూడదు. ఆ తర్వాత, ఏది మోగుతోందో మీకు తెలియకుండా ఇంకొకళ్లని మార్చమనండి. రెండు మంచి సాలిడ్ స్టేట్ యాంప్‌ల మధ్య నాకు ఈ పరీక్షలో తేడా దొరకలేదు. ట్యూబ్‌కీ సాలిడ్ స్టేట్‌కీ మధ్య హెచ్‌డి 650తో దొరికింది, ఆ ఒక్క డెసిబెల్ బేస్ దగ్గరే.

తెచ్చాక

కంప్యూటర్ వాల్యూమ్ పూర్తిగా పెట్టండి, యాంప్ గెయిన్ లోలో, నాబ్ సున్నాలో. ఆన్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు టప్‌మని శబ్దం వస్తుందేమో హెడ్‌ఫోన్ బల్ల మీదుండగానే గమనించండి. మెల్లగా నాబ్ పెంచుతూ మోనో రికార్డింగ్ వినండి, గొంతు అన్ని స్థాయిల్లోనూ నడిమధ్యలోనే ఉండాలి. పక్కకి జరిగితే తిరిగి ఇచ్చే గడువులోగానే మార్పించుకోండి. మీరు వినే అతి మెల్లటి రికార్డింగ్‌కి లో గెయిన్‌లో నాబ్ చివరిదాకా వెళ్లినా చాలకపోతే అప్పుడు హై గెయిన్ వాడండి. ఆ స్విచ్ వేసే ముందు నాబ్ తగ్గించి, హెడ్‌ఫోన్ తలమీంచి తీసేయండి.